పాత సముద్రపు బోయాతో నీటి శబ్దలేఖిని: తక్కువ విద్యుత్తుతో నడుపు విధానము

రొయ్యల చెరువులో మూరెడు లోతునకు మించి కన్నుకు ఏమియు కనిపించదు. వేసిన మేతను రొయ్యలు తినుచున్నవో, వదలి వేయుచున్నవో గట్టుమీది రైతునకు తెలియదు. చెక్ ట్రే ఎత్తి చూచినచో ఆ ట్రేలోని సంగతి మాత్రమే తెలియును. పెంపకపు ఖర్చులో సగమునకు పైగా మేతకే పోవుచున్నది గనుక ఈ తెలియకపోవుట వలన కలుగు నష్టము చిన్నది కాదు. మిగిలిన మేత అడుగున కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును తగ్గించి, అమ్మోనియాను పెంచును. చాలని మేత వేసినచో రొయ్య ఎదగదు.

కన్ను పనిచేయని చోట చెవి పనిచేయును. రొయ్య మేత గుళికను దవడలతో కొరికి విరుచునపుడు సన్నని టిక్కు టిక్కుమను శబ్దము పుట్టును. ఈ శబ్దమును నీటిలోని మైకుతో పట్టి, దాని హెచ్చుతగ్గులను బట్టి మేత యంత్రమును నడుపు పద్ధతి ఆస్ట్రేలియాలో రూపొంది ఇతర దేశములకు వ్యాపించినది. ఆ యంత్రములు ఖరీదైనవి. కాని శబ్దమును రికార్డు చేసి, విని, తన చెరువు సంగతి తాను తెలిసికొనుటకు అంత ఖర్చు అవసరము లేదు. పనికిరాకుండ పోయిన సముద్రపు బోయా నొకదానిని తీసికొని, తక్కువ విద్యుత్తుతో వారముల తరబడి నడచు శబ్దలేఖినిగా మార్చుకొనుట ఎట్లో ఈ వ్యాసమున వివరించుచున్నాము. ఎలక్ట్రానిక్స్ నేర్చిన ఐ.టి.ఐ. లేక పాలిటెక్నిక్ యువకుని సహాయముతో నలుగురైదుగురు రైతులు కలసి దీనిని చేసికొనవచ్చును.

నీటిలో శబ్దము

గాలిలో శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నీటిలో సుమారు 1,500 మీటర్లు పోవును. బురద నీటిలో వెలుతురు అణగిపోవును గాని శబ్దము అణగదు. అందువలననే జలచరములు అనేకము శబ్దముతో వ్యవహరించును. మన తీరపు జాలరులు గొరకలని పిలుచు చేపలు, వానికి బంధువైన కచిడి చేప, తమ గాలితిత్తి ప్రక్కనున్న కండరములను వేగముగా అదిలించి డప్పు మ్రోగించినట్లు శబ్దము చేయును. వ్యాపారులు వేలకు వేలు ఇచ్చి కొను ఆ తిత్తియే చేపకు డప్పు. మలేసియాలో కొందరు జాలరులు నీటిలో మునిగి, చెవితో విని, ఏ చేపల గుంపు ఎటు ఉన్నదో చెప్పెడివారు. ఈ శబ్దలేఖిని చేయునది అదే పని. అయితే ఇది రాత్రింబవళ్ళు అలసిపోక వినును, విన్నదానిని మరువదు.

ఈ పనిముట్టు ఎట్లు పుట్టినది?

నీటిపై తేలు బోయా క్రింద మైకు వ్రేలాడదీయుట క్రొత్త ఆలోచన కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో, 1942 ప్రాంతమున, జర్మనీ జలాంతర్గాముల చప్పుడు వినుటకు అమెరికావారు విమానముల నుండి ఇట్టి శబ్ద బోయాలను జారవిడిచిరి. తరువాత అదే సాధనము శాస్త్రజ్ఞులకు ఉపయోగపడెను. 2013లో అంటార్కిటికా సముద్రమునకు పోయిన ఆస్ట్రేలియా పరిశోధకులు శబ్ద బోయాలతో నీలి తిమింగలముల పిలుపులు విని, వానిని దూరము నుండియే కనుగొనిరి. యుద్ధమునకు చేసిన వస్తువు ప్రాణుల అధ్యయనమునకు పనికివచ్చినది.

నేడు సముద్రములపై మరొక రకపు బోయాలు వేల సంఖ్యలో తేలుచున్నవి. ట్యూనా చేపలను పట్టు పెద్ద ఓడలు తెప్పల వంటి వానిని నీటిలో విడిచి, వాని నీడన చేపలు చేరిన తరువాత వల వేయును. ప్రతి తెప్పకు ఒక బోయా కట్టబడి యుండును. ఆ బోయాలో సూర్యరశ్మి పలక, బ్యాటరీ, స్థానమును తెలుపు యంత్రము, ఉపగ్రహము ద్వారా వార్త పంపు యంత్రము ఉండును. తెప్ప క్రింద చేపలున్నవో లేవో ప్రతిధ్వనిని బట్టి చూచు సాధనము కూడ చాలవానిలో ఉండును. ఇవి ప్రవాహములో కొట్టుకొనిపోయి సీషెల్స్, మాల్దీవులు, పసిఫిక్ సముద్రపు పామైరా దీవి వంటి చోట్ల పగడపు దిబ్బలకు చిక్కుకొని చెత్తగా మిగులుచున్నవి. హిందూ మహాసముద్ర ట్యూనా సంఘము ఒక్కొక్క ఓడ ఒకేసారి 300 బోయాలకు మించి నడుపరాదని 2019లో తీర్మానించినది. 2024లో ఆ సంఖ్యను ఇంకను తగ్గించుటకు నిర్ణయించినది. ఇట్లు చెత్తయైన బోయాలను మరల పనిలో పెట్టు ప్రయత్నములు పలుదేశములలో జరుగుచున్నవి.

బోయా ఎవరిది?

మొదట తెలిసికొనవలసినది ఇదే. సముద్రములో తేలుచున్న బోయాను ఎన్నడును త్రాడు కోసి తీసికొని రాకూడదు. ముఖ్యముగా బంగాళాఖాతములో లంగరు వేసి నిలిపియున్న పసుపుపచ్చని ప్రభుత్వ బోయాలు గాలిని, అలలను, నీటి వేడిమిని కొలుచును. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వానిని నడుపుచున్నది. అవి పంపు సమాచారము తుఫాను హెచ్చరికలకు తోడ్పడుచున్నది. అట్టి బోయాను పాడుచేయుట మన పంటకు, మన చెరువునకు, వేటకు పోయిన మన వారి ప్రాణమునకు మనమే కీడు చేసికొనుట.

ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన బోయా కూడ దొరికినవానిదే అగునని తలచరాదు. దానిపై సంఖ్య, యజమాని గుర్తు ఉండును. తీర రక్షక పోలీసులకు లేక మత్స్యశాఖవారికి తెలిపి, యజమాని అనుమతి పొందిన తరువాతనే విప్పవలెను. ఏమిటో తెలియని లోహపు గొట్టములు, సైనిక గుర్తులు గల వస్తువులు కనబడినచో తాకక పోలీసులకు తెలుపవలెను.

మన తీరమున ఇట్టి బోయా దొరకనిచో నిరాశ చెందనక్కరలేదు. మరమూత, రబ్బరు రింగు గల గట్టి ప్లాస్టిక్ డబ్బా, ఒక వల తేలుడు, 5 వాట్ల సూర్యరశ్మి పలక ఉన్నచో ఇదే పద్ధతి చెల్లును.

బోయాలో ఏది ఉంచవలెను, ఏది తీయవలెను?

ఉంచుకొనదగినవి మూడు: నీరు చొరని గుల్ల, సూర్యరశ్మి పలక, తేలు గుణము. చేతితో చేసికొనుటకు కష్టమైనవి ఈ మూడే.

ఉపగ్రహ యంత్రమును తీసివేయవలెను. అది విద్యుత్తును తినును. దాని చందా యజమాని పేర ఉండును. ప్రతిధ్వని సాధనపు పింగాణీ ముక్కను మైకుగా వాడుదమని కొందరు తలంతురు. అది మనకు పనికిరాదు. సెకనుకు పదివేల సంఖ్యలలో అదురు ఒక నిర్ణీత శబ్దమునకే అది సరిపెట్టబడినది. మనకు కావలసిన తక్కువ శబ్దములకు అది చెవిటిది.

పాత బ్యాటరీని నమ్మరాదు. ఉబ్బినను, ఉప్పునీరు తగిలినను దానిని చార్జి చేయరాదు. ఉప్పునీరు చొచ్చిన లిథియం బ్యాటరీ కొన్ని దినముల తరువాత కూడ అంటుకొనవచ్చును. దానిని ఇంటికి, గడ్డివాములకు దూరముగా ఉంచి, పాత బ్యాటరీలు తీసికొను అధీకృత కేంద్రమునకు ఇవ్వవలెను. క్రొత్త బ్యాటరీ పెట్టునపుడు దానికి తగిన చార్జి నియంత్రకమును తప్పక పెట్టవలెను. సూర్యరశ్మి పలకను సూటిగా బ్యాటరీకి కలుపరాదు.

విద్యుత్తు లెక్క: నిద్రపుచ్చుటలోనే లాభమున్నది

కాలువ చివరి రైతు వంతు నీటిని ఎట్లు లెక్కించి వాడునో ఈ పెట్టెలోని విద్యుత్తును అట్లే లెక్కించి వాడవలెను. చిన్న కంప్యూటరు బోర్డును పెట్టినచో అది సుమారు 400 మిల్లీ ఆంపియర్లు తీసికొనును. అనగా రోజుకు 9,600 మిల్లీ ఆంపియర్ గంటలు. 3,000 సామర్థ్యము గల బ్యాటరీ ఒక్క పూట కూడ నిలువదు.

దీనికి బదులు శబ్దము రికార్డు చేయుటకే చేసిన చిన్న బోర్డును వాడవలెను. ఇంగ్లండులోని సౌతాంప్టన్, ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు రూపొందించిన ఆడియోమాత్ ఇట్టిది. అది అగ్గిపెట్టె కంటె కొంచెము పెద్దది. దాని పటము, ప్రోగ్రాము ఎవరైనను చూచి వాడుకొనవచ్చును. దానినే నీటిలో వాడుటకు మార్చిన హైడ్రోమాత్‌ను పరీక్షించిన ఫలితములు 2022లో వెలువడినవి.

ఇట్టి బోర్డు రికార్డు చేయునపుడు 12 మిల్లీ ఆంపియర్లు, నిద్రించునపుడు 0.1 మిల్లీ ఆంపియరు తీసికొనుననుకొందము. మీ బోర్డు ఎంత తీసికొనునో మీటరుతో కొలిచి చూచుకొనవలెను. బ్యాటరీ సామర్థ్యము 3,000 అయినను అందులో 70 శాతమును, అనగా 2,100 మాత్రమే లెక్కలోనికి తీసికొనవలెను.

ఎడతెగక రికార్డు చేసినచో: రోజుకు 288. బ్యాటరీ 7 రోజులు వచ్చును.

ప్రతి 5 నిమిషములలో 1 నిమిషము రికార్డు చేసి, 4 నిమిషములు నిద్రపుచ్చినచో: సగటు సుమారు 2.5 మిల్లీ ఆంపియర్లు, రోజుకు 60. బ్యాటరీ 35 రోజులు వచ్చును.

ఈ 35 రోజులు ఎండ లేకున్నను వచ్చునవి. పలక కొద్దిపాటి ఎండలోనే రోజుకు కావలసిన 60ని నింపగలదు. ముసురు పట్టిన దినములలో కూడ పెట్టె ఆగదు.

ఒక హెచ్చరిక. మైకు శబ్దమును పెంచు వర్ధకము ఒక మిల్లీ ఆంపియరే తీసికొనును గదా యని దానిని ఎల్లవేళల వెలుగనిచ్చినచో రోజుకు 24 అదనముగా పోవును. 35 రోజులు 25 రోజులగును. కావున బోర్డు నిద్రించునపుడు వర్ధకము కూడ నిద్రించునట్లు కలుపవలెను. మెరుగుకై పెట్టు ఎర్ర దీపమును తీసివేయవలెను. గండి చిన్నదైనను రాత్రంతయు పారినచో మడి ఎండును.

జ్ఞాపకపు కార్డు లెక్క కూడ ఇట్టిదే. సెకనుకు 32,000 నమూనాలు తీసినచో 16,000 అదురుల వరకు గల శబ్దములు పట్టును. ఎడతెగక తీసినచో రోజుకు 5.5 గిగాబైట్లు, ఐదింట ఒక నిమిషము తీసినచో 1.1 గిగాబైట్లు నిండును. 64 గిగాబైట్ల కార్డు సుమారు 57 రోజులు వచ్చును. రొయ్య టిక్కులలో మనిషి చెవికి వినరాని పై శబ్దములు కూడ ఉండును. వానిని కూడ పట్టదలచినవారు నమూనాలను 96,000కు పెంచవచ్చును గాని కార్డు మూడింతల వేగముగా నిండి 19 రోజులే వచ్చును.

నీటి మైకు తయారీ

దీనిని హైడ్రోఫోను అందురు. గంట మ్రోగు చిన్న బజర్లలో ఉండు 27 మిల్లీమీటర్ల పీజో బిళ్ల ఇందుకు చాలును. ఒత్తిడికి వంగినపుడు ఈ బిళ్లలో విద్యుత్తు పుట్టును.

1. బిళ్ల వెనుక ఒక చిన్న ప్లాస్టిక్ మూతను ఎపాక్సీ జిగురుతో అంటించి, లోపల గాలి నిలుచునట్లు మూయవలెను. రెండు వైపుల ఒకే ఒత్తిడి ఉన్నచో బిళ్ల వంగదు. వెనుక గాలి ఉన్నచో వంగును. చెరువు వంటి తక్కువ లోతునకు ఇది సరిపోవును.

2. పైన జాలీ తొడుగు గల తీగను అతుకవలెను. ఈ తొడుగు ఏరియేటరు మోటార్ల గుయ్యిమను విద్యుత్ రొదను ఆపును.

3. వర్ధకమును బిళ్లకు దగ్గరగా, తీగ మొదటనే పెట్టవలెను. దాని లోపలి నిరోధము 10 లక్షల ఓములు ఉండవలెను. ఈ బిళ్లకు 10 లక్షల ఓములున్నచో సుమారు 8 అదురుల వరకు తక్కువ శబ్దములు వచ్చును. 10 వేల ఓములే ఉన్నచో 800 అదురులకు దిగువనున్న శబ్దము చాలవరకు పోవును. చేప డప్పు శబ్దము చాలవరకు ఆ దిగువనే ఉన్నది. కొందరికి నీటి మైకు ఏమియు వినిపించకపోవుటకు ఇదే తరచు కారణము.

4. తీగ అతుకులకు వార్నిష్ పూసి ఆరనిచ్చి, మొత్తమును జానెడు సైకిలు ట్యూబు ముక్కలో ఉంచి ఆముదము నింపవలెను. ఆముదములో శబ్దము ఇంచుమించు నీటిలో వలెనే పోవును; పైగా అది విద్యుత్తును పారనివ్వదు. అందుచేతనే నౌకాదళముల నీటి మైకులలో కూడ ఆముదమును వాడుచున్నారు. మన మెట్టచేల పంట సముద్ర శాస్త్రమునకు ఇట్లు పనికివచ్చుచున్నది. ఆముదమును కొద్దిగా వెచ్చచేసి గాలి బుడగలు పోవునట్లు నిలువయుంచి వాడవలెను. బుడగ శబ్దమును అడ్డుకొనును.

5. ట్యూబు రెండు చివరలను మడచి, లోహపు క్లిప్పులతో బిగించవలెను.

పెట్టె పరీక్ష

గుల్లలో యంత్రమును పెట్టకముందు నీటి పరీక్ష చేయవలెను. రబ్బరు రింగును తుడిచి, సిలికాను గ్రీజు పలుచగా పూసి, మూత బిగించవలెను. లోపల ఎండు కాగితము పరచవలెను. బరువు కట్టి తొట్టిలో 24 గంటలు ముంచి తీసి, కాగితమును చూడవలెను. ఒక్క చుక్క కనబడినను మరల బిగించి మరల పరీక్షింపవలెను. తీగ లోనికి పోవు రంధ్రము వద్దనే తరచు కారును. యంత్రము పెట్టునపుడు సిలికా జెల్ పొట్లములు రెండు వేయవలెను.

బోయా గుల్ల నీటిపై తేలుటకు చేసినది, మునుగుటకు కాదు. 10 మీటర్ల లోతున ప్రతి చదరపు సెంటీమీటరుపై సుమారు ఒక కిలో అదనపు బరువు పడును. 20 సెంటీమీటర్ల వెడల్పు గల మూతపై అది 300 కిలోలకు మించును. కావున గుల్ల పైన తేలవలెను. మైకు మాత్రమే మునగవలెను.

చెరువులో దింపు విధము

బోయాను మూడు త్రాళ్లతో నిలుకడగా కట్టవలెను. మైకును సూటిగా వ్రేలాడదీసినచో బోయా ఊగిన ప్రతిసారి మైకు కుదిలి, ఆ చప్పుడే రికార్డగును. అందుచేత నడుమ అర మూర సాగెడు రబ్బరు త్రాడు పెట్టి, మైకు క్రింద చిన్న సీసపు గుండు కట్టవలెను. తీగ సాగకుండ వదులుగా ఉండవలెను. మైకు అడుగునకు జానెడు పైన ఉండవలెను. చెక్ ట్రేకు సమీపముగా, ఏరియేటర్లకు వీలైనంత దూరముగా చోటు ఎంచుకొనవలెను.

రికార్డు కొరకు ఏరియేటర్లను ఆపరాదు. ముఖ్యముగా రాత్రివేళ ఆపినచో ప్రాణవాయువు తగ్గి రొయ్య చచ్చును. ఏరియేటరు రొద ఎక్కువగా తక్కువ అదురులలో ఉండును. కంప్యూటరులో వడపోసి తీసివేయవచ్చును.

మైకు నీటిలో ఉన్నపుడు పెట్టెను 230 వోల్టుల చార్జరుకు ఎన్నడును కలుపరాదు. ఇది ప్రాణమునకు సంబంధించిన మాట.

వారమునకొకసారి మైకును తీసి నాచును, గుల్లలను మెత్తని గుడ్డతో తుడువవలెను.

వినుట, లెక్కించుట

దింపిన వెంటనే గడియారము చూచి, బోయా ప్రక్క నీటిలో రెండు రాళ్లను కొట్టి, ఆ సమయమును పుస్తకమున వ్రాసికొనవలెను. తరువాత రికార్డులో ఆ చప్పుడు వినబడినచో యంత్రము, గడియారము సరిగా ఉన్నవని తెలియును. ఆడాసిటీ వంటి ఉచిత ప్రోగ్రాములో శబ్దమును పటముగా చూడవచ్చును. రొయ్య టిక్కులు ఆ పటములో నిలువు గీతలుగా కనబడును.

మొదటి రెండు వారములు మేతను మార్చవద్దు. ప్రతి మేతకు ఈ నాలుగు సంగతులు వ్రాయుడు: మేత వేసిన వేళ, వేసిన తూకము, నిమిషమునకు టిక్కుల సంఖ్య, చెక్ ట్రేలో మిగిలినది. మేత పడిన తరువాత టిక్కులు పెరిగి, కొంతసేపటికి తగ్గును. ట్రే ఖాళీ అయిన దినమునకు, మేత మిగిలిన దినమునకు ఆ తగ్గు వేళలో భేదమున్నదేమో పోల్చుడు. మబ్బు పట్టిన దినము, రొయ్య కుబుసము విడుచు దినము, ప్రాణవాయువు తగ్గిన దినము గుర్తు వేసికొనుడు. ఒక చెరువు లెక్క మరియొక చెరువునకు చెల్లదు. రొయ్య పరిమాణము మారిన కొలది ఆ చెరువు లెక్కయే మారును.

శబ్దలేఖిని చెక్ ట్రేకు బదులు కాదు, తోడు. అది రొయ్యలను లెక్కపెట్టదు; రోగమును చెప్పదు. టిక్కులు హఠాత్తుగా తగ్గినచో ఏదో జరిగినదని మాత్రమే చెప్పును. ఏమి జరిగినదో నీటి పరీక్ష, ట్రే, మీ అనుభవము చెప్పవలెను.

గుర్తుంచుకొనవలసిన విషయములు

1. సముద్రములోని బోయాను తాకవద్దు. ఒడ్డుకు చేరినదానిని కూడ అనుమతి పొంది వాడుడు.

2. ఉప్పునీరు తగిలిన బ్యాటరీని చార్జి చేయవద్దు.

3. ఐదు నిమిషములలో ఒక నిమిషము వినుట చాలును. మిగిలిన నాలుగు నిమిషములు యంత్రమును పూర్తిగా నిద్రపుచ్చుడు.

4. పెట్టెను ఖాళీగా 24 గంటలు ముంచి పరీక్షించిన తరువాతనే యంత్రము పెట్టుడు.

5. శబ్దమును చెక్ ట్రేతో పోల్చి, వ్రాసి, నమ్మకము కుదిరిన తరువాతనే మేతను కొద్దికొద్దిగా సవరించుడు.

ఒక పంట కాలము ఈ పుస్తకమును శ్రద్ధగా వ్రాసికొన్న రైతునకు మరుసటి పంటలో మేత బస్తా విప్పునపుడు ఊహతో పని తక్కువగును.